66 శాతం ఛార్జింగ్ ఉన్నా తలుపు తెరుచుకోని కారు: ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో 16 రోజుల కేసు

రాత్రి 11.40కి ఫోను వచ్చింది. విమానం దిగి గంటన్నర అయిందట. భార్య, ఇద్దరు పిల్లలు, నాలుగు సూట్‌కేసులు. బహుళ అంతస్తుల పార్కింగ్‌లో మూడో అంతస్తు. 16 రోజుల క్రితం అక్కడ పెట్టి సెలవులకు వెళ్లిన ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు ఉలకదు, పలకదు. రిమోట్ నొక్కితే లైటు వెలగడం లేదు. ఫోనులోని యాప్‌లో కారు ఆచూకీ లేదు.

"సార్, 68 శాతం ఉంచి వెళ్లాను. రెండు వారాల్లో అంతా దిగిపోయిందంటే బ్యాటరీ పాడైనట్టే కదా? మార్చాలంటే కారు ధరలో సగం అవుతుందంటారు, నిజమేనా?" అని అడిగారాయన. పక్కనుంచి చిన్నపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

దారిలో ఆగిపోయిన ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల దగ్గరకు వెళ్లి చూడడం చాలా ఏళ్లుగా నా పని. ఎయిర్‌పోర్టు పార్కింగ్ నుంచి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. అడిగే ప్రశ్న ఎప్పుడూ పెద్ద బ్యాటరీ గురించే. కారణం మాత్రం చాలాసార్లు సూట్‌కేసు కన్నా చిన్నదైన మరో బ్యాటరీలో దొరుకుతుంది. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం, ఇందులో ప్రతి మెట్టునూ మీటరు పెట్టి కొలవగలిగాను. ఊహతో పూడ్చాల్సిన ఖాళీ పెద్దగా మిగల్లేదు.

ఫోనులోనే ఆయనను రెండు ప్రశ్నలు అడిగాను. యాప్‌లో కారు చివరిసారి ఎప్పుడు కనిపించింది? అప్పుడు ఎంత శాతం ఉంది? ఆయన చూసి చెప్పారు: తొమ్మిదో రోజు ఉదయం 6.20కి, 66 శాతం. ఆ తర్వాత ఏమీ లేదు. పార్కింగ్ లోపల సిగ్నల్ అందడం లేదేమో అనుకుని సెలవుల్లో పట్టించుకోలేదట. కానీ మొదటి ఎనిమిది రోజులు అదే చోట సిగ్నల్ అందింది కదా! నాకు సగం విషయం అక్కడే అర్థమైంది. ఎనిమిది రోజుల్లో రెండు శాతం తగ్గిన పెద్ద బ్యాటరీ, తర్వాతి ఎనిమిది రోజుల్లో 66 శాతాన్ని మింగేయడం జరగని పని. "మీ పెద్ద బ్యాటరీ బాగానే ఉంటుంది, కంగారు పడకండి. పిల్లలను లోపల కూర్చోబెట్టండి, వస్తున్నాను" అన్నాను.

రెండు బ్యాటరీల సంగతి

ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలు ఉంటాయని కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. చక్రాలను తిప్పేది కింద పరిచి ఉండే లిథియం అయాన్ బ్యాటరీ. దాని వోల్టేజి 400 దరిదాపుల్లో, కొన్ని కార్లలో 800 దరిదాపుల్లో ఉంటుంది. దానికి తోడు పెట్రోలు కారులో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపుల తాళాలు, లైట్లు, తెరలు, లోపలి కంప్యూటర్లన్నీ ఈ చిన్నదాని మీదే బతుకుతాయి.

కారు ఆపి తాళం వేయగానే పెద్ద బ్యాటరీకీ మిగతా కారుకూ మధ్య ఉన్న కాంటాక్టర్లు, అంటే కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్‌లు, తెరుచుకుంటాయి. అంటే పెద్ద బ్యాటరీ విడిపోయి ఒంటరిగా ఉంటుంది. ఇది భద్రత కోసం చేసిన ఏర్పాటు. మళ్లీ ఆ కాంటాక్టర్లు మూసుకోవాలంటే వాటి కాయిల్‌కు కరెంటు కావాలి. ఆ కరెంటు ఇచ్చేది చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో ఎంత శక్తి ఉన్నా అది గోదాములో తాళం పడిన ధాన్యమే.

పెట్రోలు కారులో చిన్న బ్యాటరీ నీరసిస్తే ముందే తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను బరువుగా తిరుగుతుంది. డ్రైవరు చెవికి అది తెలిసిన శబ్దం. మరుసటి రోజే వెళ్లి బ్యాటరీ చూపించుకుంటాడు. ఎలక్ట్రిక్ కారులో ఇంజను తిప్పే పని లేదు కనుక చిన్న బ్యాటరీ మీద వందల ఆంపియర్ల బరువు ఎప్పుడూ పడదు. సగం ప్రాణం పోయిన బ్యాటరీ కూడా కాంటాక్టర్లను మూయగలదు, రోజూ బండి కదులుతూనే ఉంటుంది. నీరసం బయటపడే అవకాశం ఒక్కటే: కారు చాలా రోజులు కదలకుండా నిలబడడం. సెలవులకు వెళ్లడమంటే ఆ పరీక్ష పెట్టడమే.

పార్కింగ్‌లో చూసింది

నేను వెళ్లేసరికి అక్కడ ముగ్గురు నలుగురు గుమిగూడారు. ఒకాయన తన కారుకు తాడు కట్టి లాగుతానని సిద్ధంగా ఉన్నారు. సాయం చేయాలన్న మనసే అది, కానీ వద్దన్నాను. చిన్న బ్యాటరీ లేకపోతే పార్కింగ్ లాక్, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు రెండూ వదలవు, చక్రాలు తిరగవు. బలవంతంగా లాగితే గేర్‌బాక్సులోని పార్కింగ్ పళ్లు విరుగుతాయి. లాక్ వదిలినా సరే, మోటారుకు కలిసిన చక్రాలు నేల మీద దొర్లితే మోటారు జనరేటరులా పనిచేసి కరెంటు పుట్టిస్తుంది. అందుకే ఎలక్ట్రిక్ కార్లను నాలుగు చక్రాలూ నేల వదిలేలా ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలని తయారీదారులు మాన్యువల్‌లో రాస్తారు.

ఇక్కడ ఆ లారీ వచ్చే దారి లేదు. ఇలాంటి పార్కింగ్ భవనాల్లో పైకప్పు ఎత్తు రెండు మీటర్ల చిల్లర. లారీ కింది గేటు దగ్గరే ఆగిపోతుంది. ఏది చేసినా కారు ఉన్న చోటే చేయాలి. మనవాళ్లు పార్కింగ్ చీటీ తీసుకునేటప్పుడు దీన్ని ఎవరూ ఆలోచించరు, ఆలోచించాలని వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు.

పార్కింగ్ ఉద్యోగి ఒకరు దూరంగా నిలబడి, "దీన్ని ముట్టుకోకండి, ఎలక్ట్రిక్ బండి, అంటుకుంటుంది" అని పదే పదే అంటున్నారు. ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లలో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగిన మాట నిజం. 2023 అక్టోబరు 10 రాత్రి బ్రిటన్‌లోని లూటన్ ఎయిర్‌పోర్టులో పార్కింగ్ భవనమే కూలింది, 1,300కు పైగా కార్లు పోయాయి. మంటలు ఇంకా ఆరకముందే అది ఎలక్ట్రిక్ కారు వల్లేనని ప్రచారం జరిగింది. మొదట అంటుకున్నది డీజిల్ కారు అని అగ్నిమాపక శాఖ చెప్పింది. 2020 జనవరిలో నార్వేలోని స్టవాంగర్ ఎయిర్‌పోర్టులోనూ మొదలైంది ఒక పాత డీజిల్ కారుతోనే. అలాగని ఎలక్ట్రిక్ కారు అంటుకోదని నేను చెప్పను. 2024 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో నిలిపి ఉన్న ఎలక్ట్రిక్ కారు నుంచే మంటలు లేచాయి, పక్కనున్న కార్లూ కాలిపోయాయి. అక్కడ స్ప్రింక్లర్లు పనిచేయకుండా ఆపేయడం నష్టాన్ని పెంచింది. ఆ ఉద్యోగికి నేను చెప్పింది ఒక్కటే: "దెబ్బ తగిలినా, నీట మునిగినా, పొగ, వాసన, బుసబుసమనే శబ్దం వస్తున్నా నేనూ దూరంగానే ఉంటాను, మిమ్మల్నీ దూరంగా పంపుతాను. ఇక్కడ అవేవీ లేవు. నేను ముట్టుకునేది 12 వోల్టుల వైపే. నారింజ రంగు తీగల జోలికి వెళ్లను." నారింజ రంగు తొడుగున్న తీగలే పెద్ద వోల్టేజి తీగలు. ఏ కంపెనీ కారైనా అదే రంగు. వాటిని యజమానులు కూడా ముట్టుకోకూడదు.

మొదటి పని తలుపు తీయడం. రిమోట్‌కు ప్రాణం లేనట్టు కనిపించినా దాని వెనక చిన్న గడి జరిపితే లోపలి నుంచి సన్నని ఇనుప తాళంచెవి బయటకు వస్తుంది. డ్రైవరు వైపు హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. కింద ఉన్న సన్నని చీలికలో చెవి మొన పెట్టి పైకి ఎగదోస్తే ఆ మూత ఊడి, దాని వెనక మామూలు తాళం రంధ్రం కనిపించింది. నాలుగేళ్లుగా ఆ కారు నడుపుతున్న ఆయన ఆ రంధ్రాన్ని అప్పుడే మొదటిసారి చూశారు. ఆయనను తప్పుపట్టను. కారు అప్పగించేటప్పుడు తెర మీద పాటలు ఎలా పెట్టాలో పావుగంట చూపిస్తారు, ఈ మూత ఎలా తీయాలో ఒక్క నిమిషం చూపించరు. కొన్ని మోడళ్లలో అసలు ఇలాంటి రంధ్రమే ఉండదు. బయట ఎక్కడో దాచిన రెండు తీగలకు 12 వోల్టులు ఇస్తేగాని ముందు మూత తెరుచుకోదు. మీ కారు ఏ రకమో తెలుసుకోవాల్సింది ఇంట్లో ఉన్నప్పుడు, అర్ధరాత్రి మూడో అంతస్తులో కాదు.

రెండో ఇబ్బంది, ముక్కు గోడవైపు పెట్టి ఉంది. బానెట్‌కూ గోడకూ మధ్య జానెడు చోటు. నేను ఒక పక్కగా ఒదిగి, ఒంటిచేత్తో బానెట్ ఎత్తి, మీటరు తీగలు అందించాను. చిన్న బ్యాటరీ మీద 6.8 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 చూపాలి. 12కు దిగిందంటేనే ఖాళీ అవుతోందని అర్థం. 6.8 అంటే దానికి ప్రాణం పోయి చాలా రోజులైంది.

ఖాళీ అయిన చిన్న బ్యాటరీకి బయటి నుంచి కరెంటు ఇచ్చే, అరచేతి కన్నా కాస్త పెద్దదైన జంప్ స్టార్ట్ బూస్టర్ పెట్టాను. ఎర్ర క్లిప్పు ప్లస్ టెర్మినల్‌కు, నల్ల క్లిప్పు బాడీ మీద ఎర్త్ కోసం ఇచ్చిన బోల్టుకు. ఇంజను తిప్పే పని లేదు కనుక పెద్ద బూస్టర్ అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు వెలిగింది, బ్రేకు తొక్కి స్టార్ట్ నొక్కగానే సీటు కింద నుంచి "టక్, టక్" అని రెండు దెబ్బలు వినిపించాయి. కాంటాక్టర్లు మూసుకున్న శబ్దం అది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన శబ్దం. మీటరు ముల్లు 14.4 వోల్టుల దగ్గర నిలబడింది, అంటే పెద్ద బ్యాటరీ వోల్టేజిని తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ చిన్నదానికి పోషణ మొదలుపెట్టింది. తెర మీద 66 శాతం. ఆ అంకె చూసి ఆయన చేతులతో ముఖం కప్పుకున్నారు.

చాలామంది మెకానిక్‌లు ఇక్కడితో బిల్లు రాసి వెళ్లిపోతారు. చిన్న బ్యాటరీ పాతది, మార్చండి అంటే సరిపోతుంది. నాకు మాత్రం ఆ జవాబు నచ్చలేదు. పాత బ్యాటరీ అయినా సరే, మామూలుగా నిద్రపోతున్న కారు దాన్ని ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయదు. అదీ కాక, ఈ మోడల్‌లో కారు ఆగి ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ వోల్టేజి తగ్గితే పెద్దదాని నుంచి దానంతట అదే నింపుకొనే ఏర్పాటు ఉంది. అది ఎందుకు పనిచేయలేదు?

ఆకుపచ్చ చుక్క

బూస్టర్ పెట్టినప్పుడే ఒకటి గమనించాను. కారు దీపాలు వెలిగిన క్షణంలో స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర, చీకట్లో ఒక ఆకుపచ్చ చుక్క మిణుకుమనడం మొదలైంది. వంగి చూస్తే, కారు లోపాలు చదివే పరికరాలు తగిలించే ఓబీడీ పోర్టులో అగ్గిపెట్టెంత డాంగిల్. బ్యాటరీ ఆరోగ్యం ఫోనులో చూసుకోవడానికి ఏడాది క్రితం కొన్నారట. పెట్టినప్పటి నుంచి తీయలేదు. రోజూ నడిపే కారులో దానివల్ల ఏ ఇబ్బందీ కనిపించలేదు.

డాంగిల్‌ను అలాగే ఉంచి, చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ చుట్టూ, అందులో పారే కరెంటును కొలిచే డీసీ క్లాంప్ మీటర్ వేశాను. బానెట్ ఎత్తే ఉంచి, దాని గడియను మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసుకున్నట్టు తిప్పాను. బానెట్ తెరిచి ఉందనుకుంటే కారు నిద్రపోదు కనుక. తలుపులు మూసి, తాళం వేసి, తాళంచెవిని ఆయన చేతికిచ్చి లిఫ్టు దాకా వెళ్లి నిలబడమన్నాను. తాళంచెవి దగ్గరుంటే కారు దాన్ని వెతుకుతూ మేలుకునే ఉంటుంది. తర్వాత చేయాల్సింది ఎదురుచూడడమే. తాళం వేసిన మరుక్షణం 8 ఆంపియర్లు. రెండు నిమిషాలకు 3. పది నిమిషాలకు 0.45. అక్కడ ఆగిపోయింది. ఇరవై నిమిషాలైనా, ముప్పై నిమిషాలైనా అదే 0.45.

డాంగిల్ ఊడదీసి, మళ్లీ తాళం వేసి చూశాను. పన్నెండు నిమిషాల్లో మీటరు 0.03కు దిగింది. అంటే పదిహేనో వంతు.

డాంగిల్ తాను తినే కరెంటు చాలా తక్కువ. అసలు నష్టం అది అడిగే ప్రశ్నలతో వచ్చింది. ప్రతి కొన్ని సెకన్లకూ "బ్యాటరీ ఎంతుంది, వేడి ఎంతుంది" అని కారు నెట్‌వర్కులో సందేశం పంపుతూ ఉంటుంది. జవాబు చెప్పడానికి గేట్‌వే అనే కంప్యూటర్ మేలుకుంటుంది, దాని వెనక మరో రెండు మూడు మేలుకుంటాయి. పక్కింట్లో తెల్లవార్లూ ఎవరో తలుపు తడుతూ ఉంటే ఆ ఇల్లూ నిద్రపోదు, మన ఇల్లూ నిద్రపోదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 0.45 ఆంపియర్లు రోజంతా అంటే 10.8 ఆంపియర్ అవర్లు. చిన్న బ్యాటరీ మీద రాసి ఉన్నది 45, నాలుగేళ్ల వయసులో నిజంగా ఇవ్వగలిగేది సుమారు 30 అనుకుంటే, మూడు రోజుల్లో ఖాళీ. కానీ ఎనిమిది రోజులు నిలబడింది. ఎందుకంటే కారు మధ్యమధ్యలో పెద్దదాని నుంచి నింపుకొంది. కారు కంప్యూటర్లలోని వివరాలు చదివే స్కానర్ పెట్టి చూస్తే ఆ నింపుళ్లన్నీ నమోదై ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటిగా పరిమితి దాకా వెళ్లి ఆగిపోయాయి. ఆ పరిమితి మాన్యువల్‌లోనే ఉంది: కారు నడపకుండా వరసగా ఇన్నిసార్లకు మించి నింపాల్సి వచ్చిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టు లెక్కగట్టి ఈ ఏర్పాటు తనను తాను ఆపేసుకుంటుంది. పెద్ద బ్యాటరీని కాపాడడానికి పెట్టిన నియమం అది. ఆపేశాక మిగిలింది చిన్న బ్యాటరీలో ఉన్న రెండు మూడు రోజుల సరుకు. తొమ్మిదో రోజు ఉదయం అదీ అయిపోయింది.

పెద్దదాని వైపు నుంచీ సరిచూశాను. రోజుకు 10.8 ఆంపియర్ అవర్లను 12.5 వోల్టులతో హెచ్చిస్తే 135 వాట్ అవర్లు. వారం రోజులకు 0.95 కిలోవాట్ అవర్లు. నింపే ప్రతిసారీ పెద్ద వ్యవస్థ మేలుకోవడానికి అయ్యే ఖర్చు కలిపితే ఒకటి, ఒకటిన్నర మధ్య. ఈ కారు బ్యాటరీ 60 కిలోవాట్ అవర్లు, అందులో రెండు శాతం అంటే 1.2. తెర మీద 68 నుంచి 66కు తగ్గింది సరిగ్గా ఇదే. రెండు వైపుల నుంచి వచ్చిన లెక్క కలిసినప్పుడే కారణం దొరికిందని నేను ఒప్పుకుంటాను.

ఆయన ఇంకో సంగతి చెప్పారు. సెలవుల్లో రోజుకు పది పన్నెండుసార్లు యాప్ తెరిచి శాతం చూసుకునేవారట. తెరిచిన ప్రతిసారీ కారు మేలుకుని, జవాబు పంపి, మళ్లీ పడుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఈ కేసులో ముఖ్య దోషి అది కాదు, కానీ బరువు కొంత పెంచింది. ఆందోళనతో చేసే పనే ఆందోళనపడిన దాన్ని దగ్గరకు తెస్తుందని చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఎంత శాతం ఉంచాలి అనే ప్రశ్న

ఆయన ఉంచిన 68 శాతం సరైనదే. వెళ్లేముందు బంధువు ఒకరు 100 నింపి వెళ్లమన్నారట. అలా చేయకపోవడం మంచిదైంది. లిథియం అయాన్ సెల్ దానంతట అది కోల్పోయేది నెలకు రెండు మూడు శాతం కూడా కష్టం. కాబట్టి నిండా నింపి దాచాల్సిన అవసరం లేదు. పైగా నిండు సెల్‌లో వోల్టేజి ఎక్కువ. ఆ ఒత్తిడికి ఎండ వేడి తోడైతే కదలని కారులోనూ బ్యాటరీ వయసు వేగంగా పెరుగుతుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపిన ఎన్‌ఎంసీ రకానికి ఇది ముఖ్యం. ఇనుము, ఫాస్ఫేట్ వాడే ఎల్‌ఎఫ్‌పీ రకం నిండుగా ఉన్నా ఎక్కువ తట్టుకుంటుంది, అయినా వారాలపాటు 100లో నిలపడం వల్ల లాభం ఏమీ లేదు. నేను చెప్పేది 50 నుంచి 70 మధ్య. అందులోనూ ఇల్లు చేరడానికి ఎంత కావాలో లెక్కగట్టి, దానికి రెట్టింపు ఉండేలా చూసుకోమంటాను. చలి ప్రదేశాల్లో ఇంకొంచెం ఎక్కువ. గడ్డకట్టే చలిలో నిలిచిన బ్యాటరీ కొంత శక్తిని తాత్కాలికంగా ఇవ్వలేదు, వేడెక్కాక మళ్లీ ఇస్తుంది. ఆ చలిలో ఖాళీ అయిన చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం గడ్డకట్టి పగిలిపోగలదు.

పెద్ద బ్యాటరీ నిజంగానే దిగిపోయిన కేసులూ నేను చూశాను. వాటిలో దాదాపు ఎప్పుడూ కారణం కాపలా కెమెరాలే. చుట్టూ జరిగేది చూస్తూ ఉండే ఈ సదుపాయం పనిచేయాలంటే కారు కంప్యూటర్ మేలుకునే ఉండాలి. దానికి 200 నుంచి 300 వాట్ల దాకా పోతుంది. 250 అనుకున్నా రోజుకు 6 కిలోవాట్ అవర్లు. 60 కిలోవాట్ అవర్ల కారులో రోజుకు పది శాతం! పది రోజుల సెలవులకు అసలు బ్యాటరీయే చాలదు. టెస్లా కార్లలో సెంట్రీ మోడ్ అనే ఈ కాపలా సదుపాయం 20 శాతం దగ్గర తనంతట ఆగిపోతుంది కాబట్టి బండి పూర్తిగా పడుకోదు. కానీ ఇల్లు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి ఆ 20 శాతం ఏమి సరిపోతుంది? కాపలా ఉన్న పార్కింగ్‌లో దీన్ని ఆపేయండి. ఎండలో లోపలి వేడిని తగ్గించే ఏసీ సదుపాయం ఉంటే దాన్నీ ఆపేయండి.

ఇంకొకటి ఎవరికీ గుర్తుండదు. ఆఫీసుకు వెళ్లే వేళకు కారు చల్లగా, లేదా వెచ్చగా ఉండాలని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 గంటలకు ఏసీ వేసే టైమరు పెట్టుకుంటారు. మనం సెలవులో ఉన్నామని కారుకు తెలియదు. మూడో అంతస్తులో, ఖాళీ కారులో, రోజూ ఉదయం 8కి ఏసీ నడుస్తుంది. ఒకసారి ఒక కేసులో రోజువారీ తగ్గుదలను కాగితం మీద గీస్తే శని, ఆదివారాల్లో మాత్రం గీత చదునుగా వచ్చింది. అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఛార్జరుకు తగిలించి వెళ్లిపోవచ్చా అని అడుగుతారు. 7 కిలోవాట్ల ఛార్జరు 60 కిలోవాట్ అవర్ల కారును ఎంత ఖాళీగా ఉన్నా తొమ్మిది పది గంటల్లో నింపేస్తుంది. మిగతా పదిహేను రోజులు ఆ కారు అక్కడ చోటు ఆక్రమించి నిలబడడమే. తర్వాత దిగి వచ్చిన మరొకరికి ఇల్లు చేరడానికి ఆ ఛార్జరే కావాల్సి ఉండవచ్చు. తగిలించి ఉంచితే చిన్న బ్యాటరీ సురక్షితం అనేది కూడా అన్ని కార్లకూ నిజం కాదు. ఛార్జింగ్ పరిమితి చేరాక తీగ తగిలి ఉన్నా కన్వర్టర్ ఆగిపోయే కార్లు ఉన్నాయి. చిన్నది చచ్చిపోతే ప్లగ్ కూడా సాకెట్‌లో బిగుసుకుని ఉండిపోతుంది, దాన్ని విడిపించే తాడు డిక్కీ లోపల ఎక్కడో ఉంటుంది. నా ఉద్దేశంలో ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లకు కావాల్సింది కొన్ని వేగవంతమైన ఛార్జర్లు కాదు, ఎక్కువ సంఖ్యలో మామూలు 2 కిలోవాట్ల సాకెట్లు. వారం రోజులు నిలిచే కారుకు తొందరేముంది? గేటు దగ్గర ఒక బూస్టర్, దాన్ని వాడడం తెలిసిన ఒక మనిషి ఉంటే నాకు వచ్చే సగం ఫోన్లు రావు. ఈ మాట పార్కింగ్ నడిపేవారికి ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను.

ఆ రాత్రి తర్వాత

కారును అలాగే స్టార్ట్ చేసి ఉంచి చిన్న బ్యాటరీని నలభై నిమిషాలు ఛార్జి కానిచ్చి పంపాను. దారిలో ఎక్కడా ఆపవద్దని చెప్పాను. వారం రోజులు ఖాళీగా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు బ్రేకు మెల్లగా నొక్కుతూ వెళ్లమన్నాను. రోజూ మోటారుతోనే వేగం తగ్గించుకునే ఈ కార్లలో బ్రేకు డిస్కులు తక్కువగా అరుగుతాయి, రెండు వారాలు నిలిస్తే వాటి మీద తుప్పు పొర పేరుకుంటుంది. మరుసటి రోజు పరీక్షలో చిన్న బ్యాటరీ నిండిన రెండు గంటలకే 11.9కు జారింది. మార్చాం.

ఆయన తర్వాతి ప్రయాణం ఆరు నెలలకు, 12 రోజులు. ఈసారి ముందురోజే నా దగ్గరకు వచ్చారు. డాంగిల్ తీసి ఇంట్లో పెట్టారు. ఉదయం ఏసీ టైమరు ఆపారు. తాము ఊళ్లో లేనప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలుకాకుండా యాప్‌లో ఆపారు. చిన్న బ్యాటరీ మీద రాత్రంతా నిలిచాక 12.7 వోల్టులు చూపింది. పార్కింగ్‌లో మూడో అంతస్తు వద్దని కింద, బయటికి ముక్కు పెట్టి నిలపమన్నాను, బానెట్ ఎత్తడానికి మనిషి నిలబడే చోటు ఉండేలా. తాళంచెవిలోని ఇనుప చెవితో తలుపు తీయడం భార్యాభర్తలిద్దరి చేతా నా ఎదురుగానే రెండుసార్లు చేయించాను. తొలిసారి ఆమెకు మూత ఊడలేదు, రెండోసారి ఊడింది. యాప్ మూడు రోజులకు ఒకసారి మాత్రమే తెరుస్తానని ఆయన మాటిచ్చారు.

తిరిగొచ్చిన రోజు ఉదయం ఫోను చేశారు. రిమోట్ ఒక్క నొక్కుకే తలుపు తెరుచుకుంది. వెళ్లేటప్పుడు 71, ఇప్పుడు 70. ఇంటికి వెళ్లేదారిలో నా దగ్గర ఆగితే, వెళ్లిపోయేముందు చిన్న బ్యాటరీ మీద మీటరు పెట్టి చూశాను. కారు నడిచి వచ్చింది కనుక ఆ అంకెకు విలువ లేదని చెప్పి, మరుసటి ఉదయం కారు కదలకముందు ఆయన్నే కొలవమన్నాను. ఒక చిన్న మీటరు ఇచ్చి పంపాను. మరునాడు 7 గంటలకు సందేశం వచ్చింది: 12.6.